కడబంతి

నా తలకి కాగితం టోపీ పెట్టబోయారు. పెళ్ళివంటలు మానేసి నేను అడవి పక్కకి పోవడానికి అసలు కారణం అదే. అడిగినవాళ్ళకి మాత్రం నడుం నొప్పి అనీ, పొగ పడడం లేదనీ చెప్పేవాణ్ణి. నడుం నొప్పి ఉన్న మాట నిజమే, కానీ ఆ నొప్పితోనే పదేళ్ళు గుండిగలు దించాను. టోపీని ఒక్క పూట కూడా భరించలేకపోయాను.

వైరా చుట్టుపక్కల ఇరవై రెండేళ్ళు వంట మేస్త్రిగా బతికాను. మా తాత కృష్ణా జిల్లా నుంచి ఇటు వలస వచ్చినవాడు. ఆయనతో వచ్చినవాళ్ళు పొలాలు కొనుక్కున్నారు, మా తాత గరిటె పట్టుకున్నాడు. తల్లాడ దాకా ఏ ఇంట్లో పెళ్ళి కుదిరినా పురోహితుడి తరవాత కబురు మా ఇంటికే వచ్చేది. పెరట్లో గాడిపొయ్యి తవ్వించి, కొబ్బరికాయ కొట్టి, నిప్పు వేశామంటే ఇక ఆ పెరడు నాది. పెళ్ళికూతురు తండ్రయినా సరే, పొయ్యి దగ్గరకొచ్చి మాట్లాడితే ఊరుకునేవాణ్ణి కాదు.

అది మా గురువు పెట్టిన కట్టు. పొయ్యి దగ్గర నోరు విప్పితే తుంపర పడుతుంది, వంట ఎంగిలవుతుంది అనేవాడాయన. రుచి చూడడం కూడా లేదు. ఉప్పు సరిపోయిందో లేదో ఆవిరి వాసన పట్టి చెప్పాలి. నా కింద పనిచేసినవాళ్ళంతా సైగలతోనే పని నేర్చుకున్నారు. రెండు వేళ్ళు చూపిస్తే పప్పులో నీళ్ళు పొయ్యాలి, అరచెయ్యి బోర్లిస్తే మంట తగ్గించాలి. నిప్పు చిటపట తప్ప నా పొయ్యి దగ్గర ఇంకో చప్పుడు ఉండేది కాదు. దానికి నాకు చచ్చేంత గర్వం.

వంటవాళ్ళం కడబంతిలో తినేవాళ్ళం. పెళ్ళివారు, చుట్టాలు, బ్యాండువాళ్ళు, షామియానా వేసినవాళ్ళు, అందరూ లేచాక మిగిలినదాంతో గుండిగ పక్కనే కూర్చుని నాలుగు ముద్దలు. అప్పటికి ఆకలి చచ్చిపోయి ఉండేది. అది అన్యాయమని నాకు ఎప్పుడూ అనిపించలేదు. వండినవాడు ముందు ఎలా తింటాడు?

నా దగ్గర ఎనిమిదేళ్ళు ఉల్లిపాయలు తరిగినవాడు కేటరింగ్ పెట్టాడు. రెండు వేల సంవత్సరం దాటాక మా వైపు నిలబడి తినే పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. స్టీలు కౌంటర్లు, వ్యాను, గ్యాసు పొయ్యిలు. పెరట్లో గాడిపొయ్యి తవ్వేవాడే లేకుండా పోయాడు. ఆరేడేళ్ళలో నాకు ముహూర్తాలున్న నెలలో కూడా ఖాళీ రోజులు వచ్చాయి. ఒక సాయంత్రం ఆ శిష్యుడే మా ఇంటికి వచ్చాడు. మర్యాదగానే వచ్చాడు, పళ్ళు కూడా తెచ్చాడు.

"మేస్త్రీ, నువ్వు నాకు పని నేర్పినోడివి. నిన్ను ఖాళీగ చూడలేకపోతున్న. దోసె కౌంటర్ నీకే ఇస్తా. డ్రెస్ ఉంటది, గంతే" అన్నాడు. సంచిలోంచి మడత పెట్టిన తెల్ల కాగితం తీసి, విప్పి, పొడుగు టోపీ చేసి నా తల మీద పెట్టబోయాడు.

మా ఆవిడ ఫక్కున నవ్వింది. నేను లేచి పెరట్లోకి పోయి, అతను వెళ్ళేదాకా లోపలికి రాలేదు.

నెల తిరక్కుండా ములకలపల్లి దాటాక లోపలున్న ఒక ఆశ్రమ పాఠశాలలో వంట పని దొరికింది. మా చుట్టం ఒకాయన అక్కడ టీచరు, ఆయన చెప్పి పెట్టించాడు. నూటపాతిక మంది పిల్లలు, దాదాపు అందరూ చుట్టుపక్కల గూడేల నుంచి వచ్చి అక్కడే ఉండి చదువుకునేవాళ్ళు. హెడ్మాస్టరు మెతక మనిషి. నన్ను పైనుంచి కిందికి చూసి, "పెళ్ళిళ్ళు చేసినాయనవు, నీకు ఇది ఆనదు. అయినా అరపరీక్షల దాకా చూద్దాం. పిల్లలు పళ్ళాలల్ల వదిలేస్తుండ్రంటే మాత్రం నేను వేరే మనిషిని చూసుకోవాలె. నీకు ముందున్నాయన గట్లనే పోయిండు" అన్నాడు. నేను లోపల నవ్వుకున్నాను. వెయ్యి విస్తళ్ళు లేపినవాణ్ణి, నూటపాతిక పళ్ళాలు నాకొక లెక్కా అనుకున్నాను.

బయల్దేరే రోజు మా ఆవిడ పెట్టె సర్దుతూ, "నువ్వు కోపం మీద పోతున్నవ్. ఇష్టం మీద పోతలేవు. చూస్కో" అంది. తల్లాడ మనిషి, మాట దాచుకోదు. పెట్టె తాళం వేసి ఇచ్చింది.

వంటశాల అంటే రేకుల షెడ్డు, మూడు మట్టి పొయ్యిలు, గోడకి అంటించిన మెనూ కాగితం. నాకు సాయం ఒక కామాటి. గిన్నెలు కడగడం, కూరగాయలు తరగడం, నీళ్ళు మొయ్యడం ఆమె పని. పక్క గూడెం మనిషి, యాభై దాటి ఉంటుంది. పదేళ్ళ నుంచి అక్కడే ఉంది, నా ముందు ఎంతోమంది వంటవాళ్ళని చూసింది. మొదటి రోజు నేను సాంబారుకి చింతపండు పిసుకుతుంటే దగ్గరకొచ్చి ఏదో చెప్పబోయింది. నేను నోటి మీద వేలు పెట్టుకున్నాను.

"పొయ్యి దగ్గర మాటలొద్దమ్మా."

ఆమె నన్ను కాసేపు చూసింది. సరే అన్నట్టు తల ఊపి పోయింది. ఆ తరవాత షెడ్డులో ఆమె నోరు విప్పలేదు. నాలుగు రోజుల్లో నా సైగలన్నీ పట్టేసింది. ఇంత తొందరగా నేర్చుకున్న మనిషిని ఇంతవరకు చూడలేదని మురిసిపోయాను.

పళ్ళాలు మాత్రం ఖాళీ కాలేదు. గుత్తివంకాయ చేశాను. మెనూలో లేకపోయినా మసాలా నూరి ఆలుగడ్డ కూర చేశాను. పిల్లలు అన్నం తిని కూర పళ్ళెం అంచుకి నెట్టేసేవాళ్ళు. పెళ్ళిళ్ళలో ఎత్తేసిన విస్తళ్ళు చూసి నా వంట ఎలా కుదిరిందో చెప్పేవాణ్ణి, ఎవరినీ అడిగే పని ఉండేది కాదు. ఇక్కడ కామాటి పళ్ళాలు కడిగి ఆ ఎంగిలి అంతా ఒక బకెట్‌లో వేసి, షెడ్డు గుమ్మం దగ్గర, సరిగ్గా నా కళ్ళ ముందు పెట్టేది. ఏమీ అనేది కాదు. ఆ బకెట్ దాటి బయటికి పోవాలంటే నాకు సిగ్గేసేది.

ఒంటిగంటకల్లా పని అయిపోయేది. నా పెట్టెలో పంచాంగం ఉంది. అది తీసుకుపోవలసిన అవసరం ఏమిటో నాకే తెలియదు. శ్రావణంలో మంచి ముహూర్తాలున్న రోజున షెడ్డు వెనక కూర్చుని, ఈపాటికి ఎవరింట్లోనో బూరెలు దిగుతుంటాయి అనుకునేవాణ్ణి. ఆ నూనె మరిగే వాసన ముక్కుకి తగిలినట్టే ఉండేది. చేతులు ఊరుకునేవి కావు, పుల్లలు విరుస్తూ కూర్చునేవాణ్ణి. ఒక రోజు ఏడ్చాను కూడా. ఉల్లిపాయలు తరగని రోజు.

నేను పని మారానని అందరితో చెప్పాను గానీ నిజానికి మారింది చోటు ఒక్కటే. మనసు ఇంకా వైరాలోనే గాడిపొయ్యి ముందు కూర్చుని ఉంది. హెడ్మాస్టరు కూడా అప్పుడప్పుడు బకెట్ వైపు చూసి పోతున్నాడు. అరపరీక్షలు దగ్గర పడుతున్నాయి. ఇక్కడా వద్దనిపించుకుంటే నాకు మిగిలేది కాగితం టోపీ.

కార్తీకంలో ఒక ఆదివారం ఇంటికి పోయాను. వైరా మార్కెట్లో అప్పుడే కొత్త చిక్కుడుకాయ దిగింది. లేతది, గోరు గుచ్చితే నీళ్ళొచ్చేంత లేతది. చిక్కుడుకాయ, నువ్వులపొడి కూర నా చేతి వంటల్లోకెల్లా పేరున్నది. ఆ కూర కోసం కడుపులో చోటు ఉంచుకునేవాళ్ళు జనం. నా డబ్బుతోనే రెండు మూటలు కొని, ఖమ్మంలో, కొత్తగూడెంలో బస్సులు మారి, కండక్టర్లతో మాటలు పడి బడికి చేర్చాను. ఈ కూరతో పిల్లలు నా వాళ్ళవ్వాలి, అంతే.

సోమవారం హెడ్మాస్టరు మీటింగుకని ఖమ్మం పోయాడు. పొద్దున్నే మూటలు విప్పి ఈనెలు తియ్యమని కామాటికి సైగ చేశాను. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. దగ్గరకొచ్చి పెదాలు కదిపింది. నేను మళ్ళీ నోటి మీద వేలు పెట్టాను. నడుం పట్టేసిందేమో పాపం అనుకుని మొత్తం నేనే ఒలిచాను. అంత శ్రద్ధగా ఏ పెళ్ళికీ వండలేదు. నువ్వులు దోరగా వేగిన వాసన బడి అంతా నిండింది. పిల్లలు గంట కొట్టకముందే కిటికీల్లోంచి చూశారు.

వడ్డించాను. వాళ్ళు పళ్ళెంలోకి చూశారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పెద్ద తరగతి వాళ్ళు కూరని ముట్టకుండా అన్నంలో మజ్జిగ పోసుకున్నారు. చిన్నవాళ్ళు వాళ్ళని చూసి అదే చేశారు. గూడేల వాళ్ళు కాక ములకలపల్లి ఊళ్ళోంచి వచ్చిన నలుగురు మాత్రం తిన్నారు. మిగతా నూటఇరవై ఒక్క పళ్ళాల్లో నా కూర పెట్టింది పెట్టినట్టే ఉంది.

నా ఒళ్ళు మండిపోయింది. గరిటె షెడ్డు గోడకేసి కొట్టాను. ఆ చప్పుడుకి చిన్నపిల్లలు బెదిరి లేచి నిలబడ్డారు. వాళ్ళ మొహాలు చూశాక నాకు నా మీదే అసహ్యం వేసింది. బయటికి నడిచి, నీళ్ళ తొట్టి దగ్గర కూర్చున్నాను. కాసేపటికి కామాటి వచ్చింది. పొయ్యికి దూరంగా ఉన్నామా లేదా అని ఒకసారి వెనక్కి చూసుకుని మరీ మాట్లాడింది.

"పండుగ కాలే మేస్త్రీ."

"ఏ పండగ?"

"చిక్కుడు పండుగ. కొత్త కాయ ముందుగాల దేవతకి పెట్టాలె. గూడెంల అందరం కలిసి పండుగ చేసినంకనే తింటం. దానికి ముందు నోట్ల పెట్టం. పిల్లలకి పుట్టినప్పటి సంది తెలుసు."

"ఇంత ఒలుస్తుంటే చూస్తూ ఊరుకున్నావా? ఒక్క మాట చెప్పకూడదా?" అన్నాను.

"నువ్వే కద, పొయ్యి కాడ మాటలొద్దంటివి" అంది నెమ్మదిగా. ఎత్తిపొడుపు కూడా లేదు ఆ గొంతులో. "మొదటి దినమే చెబుదామని వచ్చిన. మా పిల్లలకి గంత పులుపు పడది, గంత నూనె పడదని. నోటి మీద వేలు పెడితివి. ఇయ్యాల పొద్దుగాల కూడ పెడితివి."

అవును, పెట్టాను. ఐదు నెలలు ఆమె బకెట్ తెచ్చి నా ముందు పెట్టింది అందుకే. మాట వద్దన్నాను కాబట్టి బకెట్‌తో చెప్పింది. గర్వంగా చెప్పుకున్న కట్టే నన్ను ముంచిందని అప్పుడు తెలిసింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక తొట్టిలో నీళ్ళు మొహాన కొట్టుకున్నాను.

ఆ కూరని పారబోయడానికి షెడ్డు వెనక గొయ్యి తవ్వాను. తవ్వాక చూస్తే పొడుగ్గా, మూరెడు లోతున, అచ్చం గాడిపొయ్యిలా వచ్చింది. చేతులకి అదొక్కటే అలవాటు. గుండిగ వంచి కూరంతా అందులో వేసి మట్టి కప్పాను. ఆమె పార తీసుకుని సాయం పట్టింది.

సాయంత్రం హెడ్మాస్టరు వచ్చి విన్నాడు. నన్ను తిట్టలేదు. "గూడెం పెద్దకి చెవిన పడే ఉంటది. పోయి ఒక మాట చెప్పి రా. అరపరీక్షల సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది.

మర్నాడు కామాటితోనే గూడేనికి పోయాను. పెద్దమనిషి ఇంటి ముందు కూర్చుని గొడ్డలికి కొత్త కర్ర కామ దిగేస్తున్నాడు. జరిగింది చెప్పి, తప్పయిందన్నాను. అతను పని ఆపలేదు.

"తెల్వక చేసినవ్. మా పిల్లలు తినలే కద. ఇంకేముంది" అన్నాడు. తరవాత తల ఎత్తి, "నువ్వు పెళ్ళిళ్ళల్ల వండెటోడివంట. మీ దిక్కు వండినోడు ఎప్పుడు తింటడు?" అని అడిగాడు.

"అందరూ తిన్నాక."

"గట్లెందుకు?"

ఇరవై రెండేళ్ళలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అలాగే తింటారు అన్నాను. అతను కామ బిగించి, "పండుగనాడు రా" అన్నాడు. గుండిగలు, గరిటెలు తెచ్చి వండిపెడతానని హుషారుగా అన్నాను. "ఒట్టి చేతులతోని రా" అన్నాడు.

ఆ రోజు నుంచి పొయ్యి దగ్గర కట్టు తీసేశాను. తీసేశానని చెప్పడం తేలిక. ఆమె మాట్లాడిన ప్రతిసారీ నా వేలు దానంతటదే మూతి దాకా లేచేది, దాన్ని కిందికి దించుకోవాలి. ఐదు నెలలుగా దాచిపెట్టుకున్న మాటలన్నీ ఆమె ఒక్క వారంలో చెప్పేసింది. "గంత నూనె ఎందుకు మేస్త్రీ, పిల్లలేమన్న పెళ్ళికి వచ్చిండ్రా" అనేది. పప్పు పల్చగా చేయించింది. చింతపండు సగం చేయించింది. కోపం రాలేదంటే అబద్ధం, రోజుకి రెండుసార్లు వచ్చేది. కానీ బకెట్ మెల్లగా తేలికవుతూ వచ్చింది. ఒక రోజు ఆమె దాన్ని ఒంటి చేత్తో ఊపుకుంటూ నా ముందు నుంచి పోయింది.

ఇంతలో బడి ఆఫీసుకి ఫోను వచ్చింది. నా శిష్యుడు.

"మేస్త్రీ, టోపీ వద్దు. కౌంటర్ వద్దు. లోపల వంట మొత్తం నీ చేతిల పెడ్త. మాఘంలో పదకొండు పెళ్ళిళ్ళు ఒప్పుకున్న, నువ్వు లేక కూరకి పేరు నిలబడతలేదు. సోమవారం ఫోన్ చేస్త, ఏదో ఒకటి చెప్పు."

ఫోను పెట్టేశాక సంతోషం వేసింది. దాచుకోవడం ఎందుకు. ఏ అవమానం వల్ల వచ్చేశానో అది తీసేసి పిలుస్తున్నాడు. పదకొండు పెళ్ళిళ్ళు. మళ్ళీ నా వంట, నా మనుషులు, నా సైగలు. ఇక్కడ చూస్తే అరపరీక్షల తరవాత ఉంటానో లేదో కూడా తెలియని రోజుకూలీ పని. పోదామనే అనుకున్నాను. పెట్టె సగం సర్దాను, పంచాంగం పైన పెట్టాను. సోమవారానికి ముందు ఆదివారమే గూడెంలో పండుగ.

ఒట్టి చేతులతో పోవడం కష్టంగా ఉంది. ఏదో మర్చిపోయినట్టు దారంతా చేతులు చూసుకుంటూ నడిచాను. గూడెం నడిమధ్య పొయ్యిలు వెలుగుతున్నాయి. పూజ అయింది. నా కాళ్ళు వాటంతటవే పొయ్యి వైపు తిరిగాయి. కామాటి ఎదురొచ్చింది. కొత్త చీర కట్టుకుంది.

"ఇయ్యాల నీకు పని లేదు. పోయి కూసో."

"వడ్డన అయినా చేస్తాను."

"కూసోమన్న కద."

అడ్డాకు విస్తళ్ళు వేసిన వరసలో గూడెం పెద్ద తన పక్కన చోటు చూపించాడు. మొదటి బంతి. కూర్చున్నానే గానీ, కూర్చోవడం చాతకావడం లేదు. నీళ్ళు అందరికీ అందాయా, చివర విస్తరి చిరిగిందా అని మెడ తిరుగుతూనే ఉంది. రెండుసార్లు లేవబోతే పెద్దమనిషి మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు. కామాటి కుండ పట్టుకుని వచ్చి, నా విస్తరిలో వేడి అన్నం, పక్కన చిక్కుడుకాయ వేసింది. నువ్వులు లేవు, తాలింపు లేదు. ఉడికించి ఉప్పూ కారం కలిపారు, అంతే. వేసి ముందుకు పోలేదు. నిలబడి చూస్తోంది.

"తిను మేస్త్రీ. ఎట్లుందో చెప్పు."

ఒక ముద్ద తిన్నాను. పొగలు కక్కే అన్నం, నా ఆకలి ఇంకా నాలోనే ఉండగా. ఇన్నేళ్ళలో ఎన్ని వేలమందికి వండానో, ఎలా ఉందని ఒక్కరినీ అడగలేదు. అడగడం నా పనితనానికి తక్కువనుకున్నాను. ఈమె పదిమంది ముందు నిలబడి అడుగుతోంది.

"బాగుంది అక్కా" అన్నాను. అన్నాళ్ళూ 'అమ్మా' అనో 'ఏమ్మా' అనో పిలిచేవాణ్ణి.

"ఉప్పు?"

"కొంచెం తక్కువ."

నా వంటని ఎవరైనా ఆ మాట అంటే ఆ రోజంతా అన్నం తినేవాణ్ణి కాదు. ఆమె "అవ్, నాక్కూడ గట్లనే అనిపించింది" అని పోయి, దోసిట్లో ఉప్పు తెచ్చి వరసంతా పెట్టుకుంటూ పోయింది.

సోమవారం పొద్దున ఆఫీసులో ఫోను మోగింది. "ఏం మేస్త్రీ, వస్తున్నవా?" అన్నాడు శిష్యుడు.

"రాలేను. కూర నిలబడాలంటే ఒక పని చెయ్యి. నీ వంటవాళ్ళని మాట్లాడనియ్యి" అన్నాను. అతనికి అర్థం కాలేదు. ఏమైంది మేస్త్రీ, ఒంట్లో బాగుందా అని అడిగాడు. బాగుందని చెప్పి పెట్టేశాను. అరపరీక్షల సంగతి హెడ్మాస్టరుని అడగనేలేదు.

షెడ్డుకి పోయేముందు తరగతులన్నీ తిరిగి, ఎవరి గూడెంలో పండుగ అయిందో అడిగాను. రెండు గూడేల పిల్లలు ఇంకా కాలేదన్నారు. వాళ్ళకి విడిగా గుమ్మడికాయ తరిగాం. మిగతావాళ్ళకి అక్క గూడెం నుంచి తెచ్చిన చిక్కుడుకాయ. ఈసారి ఈనెలు ఇద్దరం కలిసి తీశాం, ఆమె చెబుతూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను.

కూర ఉడికింది. ఆవిరి వాసన పట్టాను. ఉప్పు సరిపోయిందని ముక్కు చెబుతోంది. ఆ ముక్కు ఎన్నడూ తప్పలేదు. అయినా గరిటెతో నాలుగు ముక్కలు తీసి అక్క అరచేతిలో వేశాను. మా గురువు ఉంటే నా చెయ్యి విరిచేవాడు. ఆమె నా మొహం చూసింది, నా పొయ్యిని చూసింది, ఊదుకుని నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలింది.

"సరిపోయింది. దించు మేస్త్రీ" అంది.

దించాను.